గోడకుర్చీ

నా ఉపాధ్యాయ జీవితంలో ఎంతమంది పిల్లలచేత గోడకుర్చీ వేయించానో లెక్క వ్రాసిపెట్టుకోలేదు. వ్రాసిపెట్టుకొని ఉంటే ఈనాడు ఆ లెక్క విప్పి చూడడానికి ధైర్యం చాలేది కాదు.

తెలుగునాట బడికి పోయినవారికి గోడకుర్చీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వీపు గోడకు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్లుగా మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు చాచి కదలకుండా ఉండడం. బెత్తంకంటె ఇది మెత్తని శిక్ష అని మా తరం పంతుళ్ళం నమ్మేవాళ్ళం. ఒంటిమీద వాత తేలదు. ఎవరూ వచ్చి అడగరు. పిల్లవాడు కిక్కురుమనకుండా ఒక మూల ఉంటాడు, పాఠం సాగిపోతుంది. ఆ మాట కూర్పు కూడా నాకు ముచ్చటగా ఉండేది. గోడ మనది, కుర్చీ అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన ఇంటికి వచ్చింది. లాక్షణికులు ఒప్పుకోకపోయినా ఇదొక మిశ్రసమాసమే అని తరగతిలో చెప్పి నవ్వించేవాణ్ణి. నేను సమాసం విప్పి చెబుతున్నంతసేపూ ఎవడో ఒక పిల్లవాడు ఆ సమాసాన్ని తన తొడలమీద మోస్తూ ఉండేవాడు.

ఈ సంగతులు ఇప్పుడెందుకంటారా? రెండేండ్ల క్రితం ఒక కార్తిక సోమవారంనాడు మనుమణ్ణి వెంటబెట్టుకొని పాలంపేట వెళ్ళాను. వరంగల్లుకు సుమారు 70 కిలోమీటర్లు. ఇప్పుడది ములుగు జిల్లా. నేను ఉద్యోగం చేసిన కాలమంతా వరంగల్లు జిల్లాయే. ఏటేటా పిల్లలను వరుసకట్టించి రామప్ప గుడికి తీసుకొని వెళ్ళినవాణ్ణి కనుక అక్కడి ప్రతి స్తంభమూ నాకు పరిచితమే. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఎత్తించిన గుడి. 2021 జూలైలో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికకు ఎక్కింది. మనుమడికి ఇవన్నీ చెబుతూ రంగమండపంలో నేలమీద కూర్చున్నాను. చెప్పడం అయింది. లేవబోయాను. లేవలేకపోయాను.

నొప్పి ఏమీ లేదు. తొడలలో సత్తువ లేదు, అంతే. ప్రక్కనున్న నల్లరాతి స్తంభాన్ని పట్టుకొన్నాను. అద్దంలా నునుపు తేలిన రాయి, చేయి జారిపోయింది. పదేండ్ల మనుమడు రెండు చేతులతో లాగితే లేచాను. వాడు నవ్వాడు. నేను కూడా నవ్వాననిపించాను. ఎదురుగా చూరుక్రింద మదనికలు నడుము ఒంచి, ఒక కాలిమీద బరువు మోపి, ఎనిమిది వందల ఏండ్లుగా నిలబడే ఉన్నారు. అరవై దాటిన పంతులు ఒక్క గడియ నేలమీద కూర్చొని లేవలేకపోయాడు.

హనుమకొండలో వైద్యునికి చూపించుకొన్నాను. రక్తపోటు 152, 94 అన్నారు. నడుము కొలత 101 సెంటీమీటర్లు. మన దేశపు మగవారికి 90 దాటకూడదట. ఒక మాత్ర వ్రాసి, కండబలం తగ్గిపోయిందని చెప్పి, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఇరవై అయిదేండ్ల అమ్మాయి. జిమ్ముకు పోనవసరం లేదనీ, ఏ పనిముట్టూ కొననవసరం లేదనీ చెప్పి, "సార్, వీపు గోడకు ఆనించండి. కుర్చీలో కూర్చున్నట్టు కొంచెం కిందికి జారండి. అక్కడే ఆగండి" అన్నది.

నాకు నవ్వు ఆగలేదు. ఆ అమ్మాయికి ఎందుకో అర్థం కాలేదు. "ఇది గోడకుర్చీ కదమ్మా" అన్నాను. "ఐసోమెట్రిక్ అంటారు సార్, వాల్ సిట్" అన్నది. ఆమె చదివిన బడిలో ఈ శిక్ష లేదు కాబోలు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ ఒకటినుండి అమలయింది. పిల్లలను ఒంటికిగానీ మనసుకుగానీ నొప్పి కలిగేలా దండించరాదని దాని 17వ సెక్షను. ఆ చట్టం వచ్చిన తరువాత కూడా నాకు కొన్నాళ్ళు ఉద్యోగం ఉంది. బెత్తం మానాను, గోడకుర్చీ మానాను. చట్టానికి భయపడి మానాను. తప్పని తెలిసి మానలేదు.

ఆనాడు ఆ గోడదగ్గర పద్ధెనిమిది సెకన్లు ఉన్నాను. పది దాటగానే తొడలలో నిప్పు రాజుకొన్నట్లయింది. పదిహేను దాటగానే మోకాళ్ళు వణకసాగాయి. పద్ధెనిమిది దగ్గర జారి కూలబడ్డాను. ఆ క్షణంలో నా కళ్ళముందుకు ఒక పిల్లవాడు వచ్చాడు.

1994 శ్రావణమాసం. ములుగు ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాల. ఎనిమిదవ తరగతి. పాలంపేట చుట్టుప్రక్కల పల్లెలనుండి నడిచి వచ్చే పిల్లలలో ఒకడు. పేరు వ్రాయను. పోతనగారి సీసపద్యం ఒకటి అప్పజెప్పమన్నాను. మొదటి పాదం సగంలో ఆగిపోయాడు. గోడకుర్చీ వేయమన్నాను. ఆ పిరియడంతా, అంటే సుమారు నలభై నిమిషాలు. మధ్యలో నాలుగైదుసార్లు జారిపడ్డాడు. పడినప్పుడల్లా లేచి మళ్ళీ వేయమన్నాను. ఆ తరువాత వారం రోజులు వాడు బడికి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. తోటి పిల్లవాడొకడు తానై చెప్పాడు. రామప్ప చెరువు క్రింద నాట్లు సాగుతున్నాయి, ముందురోజు పొద్దుటినుండి చీకటిపడేదాకా వాడు మడిలో నారు మోశాడు. అంటే, నేను గోడకు ఆనించిన ఆ కాళ్ళు అప్పటికే ఒక దినం చాకిరీ చేసి వచ్చిన కాళ్ళు. అది విని కూడా ఆనాడు నాకేమీ అనిపించలేదు. ముప్పయ్యేండ్ల తరువాత పద్ధెనిమిది సెకన్లు అనిపింపజేశాయి.

సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. వేదాంగాలలో మొదటిదానికి, అక్షరాలను ఎలా ఉచ్చరించాలో నేర్పే శాస్త్రానికి, శిక్ష అనే పేరు. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట దండనకు పేరయింది. శిక్షణలో మాత్రం పాత అర్థం మిగిలింది. ఈ అర్థవిపరిణామాన్ని గురించి తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో. ఒకే గోడ, ఒకే భంగిమ. వాడికి అది ఒక అర్థంలో శిక్ష, నాకు ఇంకొక అర్థంలో శిక్ష. తేడా ఎక్కడుందంటే, నేను వద్దనుకొన్నప్పుడు లేవవచ్చు.

ఇక వ్యాయామం సంగతి. చదువరి మిత్రులలో నా వయసువారూ, రోజంతా కంప్యూటరు ముందు కూర్చొనేవారూ ఉన్నారు కనుక నేను చదివి తెలుసుకొన్నదీ, చేసి తెలుసుకొన్నదీ వివరంగానే వ్రాస్తాను.

బరువు ఎత్తేటప్పుడు కండరం ముడుచుకొంటుంది, దించేటప్పుడు సాగుతుంది. ఐసోమెట్రిక్ వ్యాయామంలో ఈ రెండూ లేవు. కండరం బిగుస్తుంది కాని దాని పొడవు మారదు, కీలు కదలదు. రెండు అరచేతులూ రొమ్ము ముందు జోడించి ఒకదానితో ఒకదాన్ని గట్టిగా నొక్కండి. నమస్కారం చేసినట్లే ఉంటుంది, చేతులు కదలవు, కాని భుజాలు, రొమ్ము కండలు పనిచేస్తూనే ఉంటాయి. గ్రీకులో ఐసోస్ అంటే సమము, మెట్రాన్ అంటే కొలత. కొలత మారని బిగింపు కనుక "స్థిరబంధ వ్యాయామం" అని నేను పిలుచుకొంటున్నాను. ఇంతకంటె మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

మాట క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రంలో పురుషులకు ఆరు స్థానకాలు చెప్పబడ్డాయి: వైష్ణవం, సమపాదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం. మండలంలో మోకాళ్ళు రెండు ప్రక్కలకు వంచి నడుము దించి నిలవాలి. ఆలీఢం, ప్రత్యాలీఢం విల్లు పట్టిన యోధుని నిలకడలు. నాట్యమూ యుద్ధమూ రెండింటికీ పునాది కదలడం కాదు, కదలకుండా నిలవడమే అని మన పూర్వులు ఎరుగుదురు. యోగంలో ఉత్కటాసనం అంటే గోడ లేని గోడకుర్చీయే.

పాలంపేట గుడి ఈ విద్యకు ఒక బహిరంగ గ్రంథాలయం వంటిది. స్తంభాలమీద, దూలాలమీద నర్తకులు, మద్దెలలు వాయించేవారు, మల్లయుద్ధం చేసేవారు చెక్కబడి ఉన్నారు. గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని 1254 ప్రాంతంలో నృత్తరత్నావళిని రచించాడు. ఆ గ్రంథాన్నీ, ఈ శిల్పాలనూ ముందుపెట్టుకొని నటరాజ రామకృష్ణగారు ఇరవయ్యవ శతాబ్దంలో పేరిణి శివతాండవానికి మళ్ళీ ప్రాణం పోశారు. పేరిణి నర్తకులు కూర్చున్నట్లుగా మోకాళ్ళు వంచి, ఆ ఎత్తునుండి లేవకుండా అడుగులు వేస్తారు. చూసేవారికి అడుగుల వేగం కనిపిస్తుంది. ఆ వేగాన్ని మోసే తొడల బిగువు ఎవరి కంటా పడదు.

మన తెలుగు మల్లులలో కోడి రామమూర్తి నాయుడు పేరు వినని పాతకాలపువారుండరు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కసు పెట్టి దేశదేశాలు తిరిగి, 1942లో కన్నుమూశారు. రొమ్ముకు చుట్టిన ఉక్కు గొలుసును ఊపిరి బిగించి తెంచేవారనీ, రెండు కార్లకు కట్టిన గొలుసులను రెండు చేతులా పట్టుకొని అవి ముందుకు కదలకుండా నిలిపేవారనీ ప్రసిద్ధి. ఆ కార్లను పట్టి నిలపడం ఈ స్థిరబంధానికి పరాకాష్ఠ. బలమంతా ఖర్చవుతుంది, చూపరులకు మాత్రం కదలిక కనబడదు.

దీన్ని ప్రయోగశాలలో కొలిచినవారు జర్మనీకి చెందిన హెట్టింగర్, ముల్లర్ అనే ఇద్దరు. 1953లో వారు ప్రకటించినదేమిటంటే, మన గరిష్ఠ బలంలో మూడింట రెండు వంతులతో, రోజుకొక్కసారి, ఆరు సెకన్లు బిగిస్తే చాలు, వారానికి నూటికి అయిదు చొప్పున బలం పెరుగుతుందని. లోకమంతా దానివెంట పడింది. తరువాతి పరిశోధకులకు అంత పెరుగుదల కనబడలేదు కాని, బలం పెరుగుతుందన్న మాట మాత్రం నిలిచింది. ఒక పరిమితి కూడా తేలింది. ఏ కోణంలో కీలును నిలుపుతామో ముఖ్యంగా ఆ కోణం చుట్టుప్రక్కలనే బలం వస్తుంది. కనుక ఒకే ఎత్తులో కాక, ఒకరోజు కొంచెం పైన, ఒకరోజు కొంచెం క్రింద నిలవడం మంచిది.

నావంటివారికి అక్కరకు వచ్చే విషయం 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. 270 ప్రయోగాలను, 15,827 మందిని ఒకచోట చేర్చి, ఏ వ్యాయామం రక్తపోటును ఎంత తగ్గిస్తుందో లెక్కగట్టారు. నడక, పరుగు, బరువులు అన్నీ తగ్గిస్తాయి. అన్నింటికంటె ఎక్కువ తగ్గించినది స్థిరబంధ వ్యాయామమే. పై అంకెలో సుమారు 8, క్రింది అంకెలో 4. అందులోనూ పై అంకెను బాగా దించేది గోడకుర్చీ అని తేలింది. బిగించినప్పుడు కండరంలోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి, వదలగానే రక్తం ఒక్కసారిగా పారుతుంది, అలా పదేపదే జరిగితే నాళాలు మెత్తబడతాయి అని ఒక వివరణ.

చేసే పద్ధతి ఇది. గోడకు అడుగున్నర, రెండడుగుల దూరంలో పాదాలు ఉంచాలి. వీపంతా గోడకు ఆనాలి. మోకాళ్ళు పాదాల వ్రేళ్ళు దాటి ముందుకు రాకూడదు. మొదట్లోనే కుర్చీ ఎత్తుకు దిగనక్కరలేదు. కొంచెం వంగినా చాలు, మోకాళ్ళు బాగులేనివారు అంతటితో ఆగాలి. ప్రయోగాలలో సాధారణంగా చేయించేది రెండు నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యమధ్య కొన్ని నిమిషాల విరామం, వారానికి మూడు రోజులు. నేను పద్ధెనిమిది సెకన్లనుండి రెండు నిమిషాలకు రావడానికి అయిదు నెలలు పట్టింది. దీనితోపాటు అరచేతుల నొక్కుడు, ద్వారబంధాన్ని రెండు చేతులా బయటికి నెట్టడం, మునివ్రేళ్ళమీద లేచి నిలవడం, మోచేతులూ మునివ్రేళ్ళూ మాత్రమే నేలకు ఆనించి ఒళ్ళు పలకలా ఉంచడం చేస్తాను. అంతా కలిపి అరగంట.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక: ఊపిరి బిగబట్టరాదు. బిగించినంతసేపు రక్తపోటు పెరుగుతుంది. ఊపిరి కూడా పట్టితే మరీ ఎగసిపోతుంది. గుండెజబ్బు ఉన్నవారు, పోటు అదుపులో లేనివారు వైద్యుని అడగకుండా మొదలుపెట్టకూడదు. ఊపిరి ఆడుతున్నదా లేదా అని తెలియడానికి నాకొక పద్ధతి దొరికింది. పద్యం చదవడం. పద్యం పైకి చదువుతున్నవాడు ఊపిరి బిగబట్టలేడు. సీసమూ, దాని క్రింది తేటగీతీ కలిపి నింపాదిగా చదివితే నాకు నిమిషం పడుతుంది. కనుక నాకు గడియారంతో పని లేదు. రెండు సీసపద్యాలయితే ఒక ఆవృత్తి. ఇంట్లో మా శ్రీమతి, "పొద్దున్నే బడి మొదలైంది" అంటుంది.

కొవ్వు కరుగుతుందా అని చాలామంది అడుగుతారు. ఉన్నమాట చెప్పాలి. దీనివల్ల నేరుగా కరిగేది చాలా తక్కువ. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. ఎనిమిది నిమిషాల గోడకుర్చీకి అయ్యే ఖర్చు ఒక ముద్ద అన్నానికి మించదు. పొట్టకు పట్టీ కట్టినట్లు బిగిస్తే పొట్టలోని కొవ్వే కరుగుతుందనే మాట కూడా నిజం కాదు. కొవ్వు తగ్గేది కంచంలో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో, మనం తినే మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటవద్దని ఉంది. నా కంచంలో అన్నం వాటా ఎంతో ఆనాడు చూసుకొంటే తల తిరిగింది. రాత్రి అన్నం మాని రెండు జొన్నరొట్టెలు, పప్పు, కూర తింటున్నాను. సాయంకాలం భద్రకాళి చెరువుగట్టున నడుస్తున్నాను. ఏడాదిన్నరలో నడుము 101నుండి 94కు వచ్చింది. ఈ తగ్గుదల ఘనత రొట్టెలదీ నడకదీ. గోడకుర్చీ చేసిన మేలేమిటంటే, తిండి తగ్గించినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోకుండా కాపాడింది, నడవడానికి కాళ్ళనిచ్చింది. పోటు ఇప్పుడు 134, 84 ప్రాంతంలో ఉంటున్నది. మాత్ర మానలేదు, మానమని ఎవరికీ చెప్పను.

ఇంతవరకు చెప్పింది శరీరం సంగతి. మిగిలినది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

మొన్న మాఘమాసంలో ఒంటరిగా పాలంపేట వెళ్ళాను. మండపంలో కూర్చున్నాను, దేన్నీ పట్టుకోకుండా లేచాను. ఎవరూ చూడలేదు కాని నాకు గర్వంగానే అనిపించింది. చూరుక్రింది మదనికలను చాలాసేపు చూశాను. చూరు బరువంతా వారే మోస్తున్నట్లుంటుంది. నిజానికి మోసేవి వెనుకనున్న స్తంభాలు, దూలాలు. బడిలో నేనూ చదువు బరువంతా మోస్తున్నట్లే నిలబడ్డాననీ, మోసినవారు వేరే ఉన్నారనీ అనిపించింది.

గుడి బయట విచారిస్తే ఆ పిల్లవాని ఊరు, ఇల్లు తేలికగానే దొరికాయి. ఇప్పుడు నలభై నాలుగేండ్ల రైతు. వాకిట్లో మోటారు విప్పి బాగుచేసుకొంటున్నాడు. చూడగానే లేచాడు.

"సారూ, మీరేనా! ఎట్లున్నరు? శాన బక్కగైన్రు."

మంచం వాల్చాడు. చాయ తెప్పించాడు. ఆ మాటా ఈ మాటా అయిన తరువాత అడిగాను. "ఒకనాడు నీచేత పిరియడంతా గోడకుర్చీ వేయించాను. గుర్తుందా?"

"యాదికెందుకు లేదు సారూ," అని గట్టిగా నవ్వాడు. "మా బ్యాచిల నా అంతసేపు ఎవ్వడు ఆగకపోతుండె."

"తప్పు చేశానయ్యా. ముందురోజు నువ్వు నారు మోశావని తరువాత తెలిసింది. తెలిసీ నిన్నొక మాట అడగలేదు."

అతడు కొంతసేపు స్పానరును చేతిలో తిప్పుతూ ఉన్నాడు. తరువాత మెల్లగా అన్నాడు.

"కాళ్ళనొప్పి రెండొద్దులల్ల పోయింది సారూ. మీరు ఆ దినం ఒక మాటన్నరు."

"ఏమన్నాను?"

నిజంగా నాకు గుర్తులేదు.

"'వీడి కాళ్ళు బురద తొక్కడానికే పుట్టాయి, పద్యం వీడి నాలుకకు ఎక్కదు' అన్నరు. అందరు నవ్విన్రు. పదో తరగతి దాంక రాకపోవుడు గందుకే అని అంట లేను. ఇంట్ల పరిస్థితి గూడ అట్లనే ఉండె. కని ఆ మాట ఉన్నది."

నేను భాష నేర్పినవాణ్ణి. మాట ఎక్కడ తగులుతుందో, ఎంతకాలం ఉంటుందో ఊరందరికీ చెప్పినవాణ్ణి. గోడకుర్చీని గురించి రెండేండ్లు బాధపడ్డాను, నాకు గుర్తున్న తప్పు అది కనుక. అతనికి తగిలినది నాకు గుర్తులేని తప్పు. ఇలాంటివి ఇంకా ఎందరి దగ్గర ఎన్ని ఉన్నాయో నాకెలా తెలుస్తుంది? "క్షమించు" అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటున్నప్పుడే తెలిసింది. అతడు "ఏ, ఊకోండ్రి సారూ" అని నా చేయి పట్టుకొన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. అనాలని నేనూ ఆశించలేదు.

బయలుదేరే ముందు, ఎట్లా బక్కపడ్డారో చెప్పమని అడిగాడు. చెప్పాను. అతనికి నమ్మకం కుదరలేదు. "మీరు గోడకుర్చీ ఏస్తున్నరా? నిజంగ?" అన్నాడు. ఇంటిగోడకు వీపు ఆనించి చూపించాను. అప్పుడే బడినుండి వచ్చిన అతని కూతురు, తొమ్మిదవ తరగతి పిల్ల, సంచి దించకుండా అలాగే నిలబడి చూస్తున్నది. పద్యం చదువుతూ లెక్కపెట్టుకొంటానని చెప్పాను. అతడు కూతురివైపు తిరిగి, "నీకు పద్యాలొస్తయి గదా బిడ్డా, సారుకు ఒకటి చదువు" అన్నాడు.

ఆ పిల్ల చదివింది. సీసపద్యమే. తండ్రి ఆగిపోయిన పద్యం కాదు, వేరొకటి. గుక్క తిప్పుకోవలసినచోట తిప్పుకొంటూ, తొందర లేకుండా, తేటగీతి చివరిదాకా చదివింది. రెండవ పాదంలో ఒకచోట విరుపు తప్పింది. సవరించాలని నోటిదాకా వచ్చింది. ఊరకున్నాను. తొడలు వణకుతున్నాయి. ఆమె పద్యం పూర్తిచేసేదాకా నేను గోడ విడవలేదు.

స్వస్తి.